శత్రువును ముందు కనపడనీ

అమ్మా,

నీ కథ చదివాను. రేణిగుంట స్టేషన్లో ఆ తల్లి కొడుకు బ్యాగులో ఊరగాయ డబ్బా సర్దుతూ, చెప్పాలనుకున్నది గొంతు దాటక, "చలికి చెవులు కప్పుకో నాయనా" అని మాత్రం అంటుందే, ఆ పేజీ చాలా బాగా వచ్చింది. ఎవరు చెప్పినా దాని జోలికి పోవద్దు.

మిగతా కథ గురించే ఈ ఉత్తరం. పుత్తూరు పక్క పల్లె నుంచి వెళ్లిన క్రైస్తవ సైనికుడు కార్గిల్ కొండల్లో గాయపడ్డ పాకిస్తానీ సైనికుడికి నీళ్లు తాగిస్తాడు. ఇద్దరూ ఏడుస్తారు. మర్నాడు మనవాడు చనిపోతాడు. శవపేటిక ఊరికి వచ్చిన రోజే తల్లి "నా కొడుకును చంపినవాళ్లను క్షమించాను" అంటుంది. చర్చి గంట మోగుతుంది.

ఇందులో శత్రువు ఎక్కడున్నాడమ్మా? నీళ్లు తాగినవాడు కథలోకి వచ్చేసరికే మంచివాడైపోయాడు. దెబ్బ తగిలి, ఆయుధం లేకుండా, అమ్మను తలుచుకుని ఏడుస్తున్న కుర్రాడు వాడు. అలాంటివాణ్ని ప్రేమించడానికి, శత్రువును ప్రేమించమన్న యేసు ఆజ్ఞ దాకా పోనక్కర్లేదు, గుండె ఉంటే చాలు.

"మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి" అన్నది ఎవరితో అన్నాడో మత్తయి అయిదో అధ్యాయంలో మళ్లీ చూడు. యేసు ఆ ప్రసంగం చేసిన కొండ దగ్గర విన్నది రోమన్ల ఏలుబడిలో నలిగిన జనం. దానికి మూడు వచనాల ముందే, ఎవడైనా నిన్ను ఒక మైలు బలవంతంగా రమ్మంటే రెండు మైళ్లు వెళ్లమన్నాడు. రోమన్ సైనికుడు దారిన పోయేవాణ్ని ఆపి మూట మోయించుకోగలిగే రోజులవి. అక్కడ కూర్చున్నవాళ్లకు శత్రువంటే ఎవరో విడమరిచి చెప్పే పని లేదు. మన వేమన "చంపదగినయట్టి శత్రువు తన చేత చిక్కెనేని కీడు సేయరాదు" అన్నాడు. నాకు ప్రాణమైన పద్యం. కానీ అందులో శత్రువు నీ చేతికి చిక్కి ఉన్నాడు, మేలు చేసి పంపించే బలం నీ దగ్గరుంది. కొండ మీది ప్రసంగంలో, చిక్కినవాడే వింటున్నాడు. నీ కథ వేమన పద్యం దగ్గర ఆగింది. అది తక్కువ సంగతేమీ కాదు. కానీ నువ్వు రాయబోయింది దానికన్నా కష్టమైనది.

మా చర్చిలో ఒక పెద్దావిడ ఉండేది. బోరు నీళ్ల గొడవలో పక్క పొలం వాళ్లు ఆమె కొడుకు చెయ్యి విరగ్గొట్టారు. అది మళ్లీ సరిగ్గా అతకలేదు. ఆదివారం ప్రార్థనలో ఆమె లేచి, కొట్టినవాడి పేరు పెట్టి ప్రార్థించేది. గొంతులో ప్రేమ అనేది వినపడేది కాదు. కొంగు మెలితిప్పుకుంటూ, ఒక్కో మాటనూ లోపలి నుంచి పెరికి తీస్తున్నట్టు చెప్పేది: "ప్రభువా, వాడి బిడ్డలకు జబ్బు రానియ్యొద్దు. వాడి చెనిక్కాయ చేను ఎండనియ్యొద్దు." మర్నాడు వాయిదా ఉంటే అన్నం క్యారియర్ కట్టుకుని చిత్తూరు కోర్టుకు బస్సెక్కేది. కేసు వాపసు తీసుకోమని పెద్దమనుషులు ఎంత చెప్పినా తీసుకోలేదు. వాడు ఎదురుపడితే మొహం తిప్పుకునేది కూడా. ఆ ఆజ్ఞను నేను అంత దగ్గరగా చూసింది ఆమెలోనే. ఆమెకు వాడు శత్రువుగానే ఉన్నాడు. వాడి చేను ఎండకూడదని అడుగుతూనే ఉంది.

ప్రేమించగానే శత్రువు మారిపోతాడన్న భరోసా కూడా ఎక్కడా లేదు. 1569లో నెదర్లాండ్స్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనబాప్టిస్టు (పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకోవాలన్నందుకు హింసలు పడ్డ క్రైస్తవ శాఖవాడు) జైలు నుంచి తప్పించుకుని, గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తాడు. తరుముతున్నవాడి కాళ్ల కింద మంచు పగిలి నీళ్లలో పడిపోయాడు. విల్లెమ్స్ వెనక్కి వచ్చి వాణ్ని బయటికి లాగాడు. అక్కడే పట్టుబడ్డాడు. తర్వాత సజీవంగా కాల్చేశారు. ఆ అనబాప్టిస్టుల వారసులే మెన్నోనైట్లు. వాళ్ల సంఘాలు మన మహబూబ్‌నగర్ వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఉదంతంలో చర్చి గంట మోగే చోటు లేదు చూశావా?

ఇంకో సంగతి. ఎనిమిది పేజీల యుద్ధంలో నీ సైనికుడు ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. అతని చేతులకు రక్తం అంటకుండా నువ్వే కాపాడావు. క్రైస్తవుడు యుద్ధం చెయ్యొచ్చా అన్న ప్రశ్న అలా దాటేసేది కాదు. యేసును పట్టుకున్న రాత్రి గెత్సేమనే తోటలో శిష్యుడు పేతురు చేత కత్తి దింపించినప్పుడే ప్రభువు ప్రతి సైనికుడి ఆయుధాన్నీ తీసేశాడని తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టులియన్ అన్నాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు బిషప్ అగస్టీన్, న్యాయం కోసం, శాంతి కోసం పాలకుడు యుద్ధం చేయక తప్పని సందర్భాలు ఉంటాయన్నాడు. మేమేం చెయ్యాలని సైనికులు అడిగితే, బాప్తిస్మమిచ్చు యోహాను జనాన్ని పీడించొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడే గానీ ఉద్యోగం మానెయ్యమనలేదు. రెండు పక్షాలూ బైబిలు తెరిచే మాట్లాడాయి. నాకైతే టెర్టులియన్ మాటే మనసుకు ఎక్కుతుంది, కానీ నీ కథ నా పక్షం వహించనక్కర్లేదు. నీ సైనికుడు మాత్రం ట్రిగ్గర్ నొక్కాలి. ఆ రాత్రి బైబిలు తెరవాలో వద్దో తెలియక టెన్షన్ పడాలి.

దానికి కౌగిలింతల కన్నా బలమైన సీన్ ఆ యుద్ధంలోనే ఉంది. 1999లో పాకిస్తాన్ తన సైనికులని ఒప్పుకోకుండా వదిలేసిన శవాలను మన సైనికులే ఆ కొండల్లో ఇస్లాం పద్ధతిలో ఖననం చేశారు. నీ పుత్తూరు కుర్రాణ్ని ఆ గుంత తవ్వే పనికి పంపు. రాతి నేల. పార దిగదు. పొద్దున తన స్నేహితుణ్ని చంపిన మనిషి పక్కనే దుప్పటి కింద ఉన్నాడు. అతనికి ఆ మనిషి మీద జాలి కలగాలని లేదు. లోతు సరిపోయేదాకా తవ్వితే చాలు.

ఇక తల్లి. గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించలేదా అని నువ్వు అడుగుతావని తెలుసు. అదే 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ అయిన భర్త గ్రాహమ్‌నూ ఇద్దరు కొడుకులనూ జీపులోనే కాల్చేస్తే, ఆమె క్షమించానంది. చట్టం తన పని తాను చెయ్యాలనీ అంది. నిజమే. కానీ ఆ మాట వెనక బారిపదలో కుష్ఠురోగుల మధ్య గడిపిన ఏళ్లున్నాయి. అన్న తర్వాత కూడా కొన్నేళ్లు అక్కడే ఉండి ఆ పని చూసుకుంది. నీ కథలో తల్లి వెనక ఏముందో ఒక్క ముక్కయినా చెప్పలేదు నువ్వు. పేటిక దించిన పూటే ఆమె చేత ఆ మాట అనిపించే హక్కు నీకు లేదమ్మా, పాస్టరు గారికీ లేదు. ఆమెను ఇంటికి వెళ్లనీ. పెన్షన్ కాగితాల మీద సంతకాలు పెట్టనీ. టీవీలో ఆ దేశం పేరు వినపడితే లేచి ఆపేయనీ. కొన్నాళ్లకు ఆమె ప్రార్థన చేస్తే రాయి. చెయ్యకపోతే, అప్పటిదాకా ఏం జరిగిందో అదే రాసి పంపు. చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
చిత్తూరు