పోస్టల్ మ్యూజియంలో స్టాంపులు తప్ప ఇంకేం ఉంటాయి?

చాలానే ఉంటాయి. లండన్ పోస్టల్ మ్యూజియంలో జనం ఎగబడేది స్టాంపుల కోసం కాదు, భూగర్భ రైలు కోసం. 1927 నుంచి 2003 దాకా నగరం కింద ఉత్తరాల సంచులు మోసిన సొరంగాల్లో ఇప్పుడు సందర్శకులను బుల్లి రైలెక్కించి తిప్పుతారు.

వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ నేషనల్ పోస్టల్ మ్యూజియాన్ని 1993లో ఒక పాత పోస్టాఫీసు భవనంలోనే తెరిచారు. అక్కడ ఓనీ అనే కుక్కను తప్పక చూడాలి. 19వ శతాబ్దం చివర్లో అది మెయిల్ రైళ్లలో తిరుగుతుంటే ఊరూరా మెడకు బిళ్లలు తగిలించేవారు. చనిపోయాక దాని దేహాన్ని భద్రపరిచి, ఆ బిళ్లలతోనే నిలబెట్టారు.

స్టాంపులే కావాలంటే మారిషస్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియం. 1847 నాటి రెండు అరుదైన స్టాంపులు అక్కడున్నాయి. రంగు వెలిసిపోకుండా అసలువాటి మీద కాసేపే లైటు వేస్తారు, మిగతా సమయమంతా నకళ్లే దిక్కు. టైమ్ కనుక్కుని వెళ్లండి.