భుజమా, అంచా? – ఆకారాల పేర్ల గురించి

సందేహం: చెన్నైలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాల్లో తెలుగు నేర్పుతున్నాను. ఆకారాల పాఠంలో వాళ్లు బంతినీ, పళ్లేన్నీ కూడా గుండ్రమనే అంటున్నారు; లూడో పాచికకు పన్నెండు భుజాలని రాస్తున్నారు; త్రిభుజాన్ని ముక్కోణం అంటున్నారు. వీటిలో దిద్దవలసినవి ఏవి? కోన్ ఆకారానికి శంకువు, శంఖువు – వీటిలో ఏది సాధువు? – ఒక పాఠకురాలు

సమాధానం: ముక్కోణాన్ని దిద్దనక్కరలేదు. తమిళంలో త్రిభుజాన్ని ముక్కోణమనే అంటారు కనుక పిల్లలు ఆ మాటను బడినుంచి తెచ్చుకున్నారని మీకు అనిపించి ఉండవచ్చు గానీ, ముక్కంటి, ముక్కాలిపీట అన్న మాటల తీరులోనే ఏర్పడిన ఈ మాట తెలుగులోనూ ఉంది. ఎన్నికల వార్తల్లో ముక్కోణపు పోటీ అని చదువుతూనే ఉంటాం. ఒకటి భుజాలను బట్టి, మరొకటి కోణాలను బట్టి వచ్చిన పేరని చెబితే చాలు.

గుండ్రం అనడమూ తప్పు కాదు, కానీ అది ఆకారపు తీరును చెప్పే మాటే తప్ప ఆకారానికి పేరు కాదు. గాజు, స్తంభం, బంతి అన్నీ గుండ్రంగానే ఉంటాయి. ఒక కేంద్రంనుంచి సమాన దూరంలో ఉన్న బిందువులన్నీ ఒకే తలంలో ఉంటే వృత్తం, అన్ని దిక్కులా ఉంటే గోళం. పళ్లేన్ని కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుంటే సన్నని గీతలా కనిపిస్తుంది, బంతిని ఎటు తిప్పినా గుండ్రంగానే కనిపిస్తుంది. పిల్లల చేత ఈ రెండూ చేయించి, పళ్లెపు అంచు వృత్తమనీ, బంతి గోళమనీ ఆ తరువాత చెప్పండి.

తప్పక దిద్దవలసినది పాచిక భుజాల మాట. భుజం సమతల ఆకారానికి చెందినది. ఘనాకారంలో రెండు ముఖాలు కలిసే గీతను అంచు అంటాం. ఇది పండితులు పెట్టిన పట్టింపు కాదు, లెక్కే ఈ తేడాను కోరుతుంది. అట్టతో ఒకే కొలత గల ఆరు చతురస్రాలను కత్తిరించి పిల్లల ముందు పరవండి. ఒక్కొక్కదానికి నాలుగు చొప్పున మొత్తం 24 భుజాలు, 24 మూలలు ఉంటాయి. ఇప్పుడు ఆ ముక్కలను టేపుతో అతికించి పెట్టెగా నిలబెట్టండి. రెండేసి భుజాలు కలిసి ఒక్కొక్క అంచు అవుతాయి కనుక అంచులు 12. మూడేసి మూలలు కలిసి ఒక్కొక్క శీర్షం అవుతాయి కనుక శీర్షాలు 8. ముఖాలు మాత్రం ఆరే. పాచికకు పన్నెండు అని పిల్లలు చెప్పిన సంఖ్య సరైనదే, పేరు మాత్రం అంచు అని ఉండాలి. రెంటినీ భుజమనే పిలిస్తే 24 ఎలా 12 అయిందో చెప్పడానికి మాటే మిగలదు. ఈ లెక్కను పిల్లల చేతనే కట్టించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ముఖాలు, అంచులు, శీర్షాల పట్టికను బట్టీ పట్టిన పిల్లలు, అడిగే తీరు కొంచెం మార్చేసరికి తడబడతారు.

ఈ పెట్టెను ఘనం అంటారు. అయితే ఘనపదార్థం, ఘనపరిమాణం అన్నప్పుడు ఆ మాటకు అర్థం విశాలం కనుక, అన్ని ముఖాలూ చతురస్రాలైన దాన్ని సమఘనం అనడం, ఇటుక వంటిదాన్ని దీర్ఘఘనం అనడం పిల్లలకు స్పష్టంగా ఉంటుంది.

ఇక శంకువు. సంస్కృతంలో శంకువంటే మేకు, గూటం. భూమిలో నిలువుగా పాతి నీడను బట్టి పొద్దు కొలిచే కొయ్యకూ అదే పేరు. శంకుస్థాపనలో ఉన్నదీ ఆ మాటే. మొన తేలిన ఆకారానికి ఆ పేరు తగింది. శంఖానికీ దీనికీ సంబంధం లేదు. శంఖువు అన్న రూపం అచ్చులోనూ కనిపిస్తుంది కనుక పిల్లలు అలా రాస్తే మార్కులు తగ్గించకండి, మీరు మాత్రం శంకువనే రాయండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం కావడం వల్ల మీ పిల్లలు ఘనాన్ని కనమనీ, గోళాన్ని కోళమనీ పలికే అవకాశం ఎక్కువ. ఆ రెండు మాటలను మీరు నెమ్మదిగా పలుకుతూ, వాళ్ల చేత పలికిస్తూ నల్లబల్ల మీద రాయండి.