సోషల్ పీరియడ్‌లో తప్పెటగుళ్లు

(ఈ శీర్షికలో పాఠకులకు జవాబులిస్తున్నది పదవీ విరమణ చేసిన సోషల్ ఉపాధ్యాయిని, కూచిపూడి నేర్చుకున్నారు.)

ప్రశ్న: విజయనగరం జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఎనిమిదో తరగతికి నాట్యకళల గురించి చెప్పాలి. నాకు నాట్యం రాదు. బడిలో డాన్స్ టీచరూ లేరు. పిల్లలకు సినిమా స్టెప్పులు తప్ప మరొకటి పట్టదు. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు: మాస్టారూ, మీకు నాట్యం రాకపోతే వచ్చిన నష్టమేమీ లేదు. అశోకుడి పాఠం చెప్పడానికి మనం రాజ్యాలు ఏలామా! 'కేరళకు కథాకళి, ఒడిశాకు ఒడిస్సీ, ఆంధ్రకు కూచిపూడి' అని బోర్డు మీద జతపరచడం మాత్రం వద్దు. అది ఒక మార్కు ప్రశ్నకు పనికొస్తుంది, అంతే.

మీరున్నది తప్పెటగుళ్ల సీమ. గుండ్రటి రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడతారు. గొల్లలు తరతరాలుగా నిలబెట్టుకున్న కళ ఇది. వాన కోసం గంగమ్మను కొలిచే పాటలుంటాయి, కృష్ణుడి కథలుంటాయి. మీ చుట్టుపక్కల ఊళ్లలో విచారించి, ఆడిన పెద్దాయనను ఒకరిని బడికి పిలవండి. శాలువా కప్పి పంపేయకండి. ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీ చేతిలో పెట్టండి. హెడ్మాస్టరు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, పిల్లలు అది చూడాలి. రాగానే 'ఏదీ, ఒకసారి ఆడండి' అనడం మర్యాద కాదు. ముందు మాట్లాడనివ్వండి.

ప్రశ్నలు పిల్లలే అడగాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు? తప్పెట ఎవరు చేసిస్తారు? ఏ పండుగకు పిలుస్తారు, ఏమిస్తారు? ఆడవాళ్లు ఎందుకు ఆడలేదు? మీ అబ్బాయి నేర్చుకున్నాడా? ఈ చివరి ప్రశ్న దగ్గర వలసలు, చదువులు, పట్నంలో కూలిపనులు అన్నీ బయటికి వస్తాయి. అక్కడితో మీ ఆర్థిక శాస్త్రం పాఠమూ సగం అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ కులం పిల్లవాడు మీ తరగతిలోనే ఉండవచ్చు. 'మీవాళ్ల ఆటే కదా, లేచి ఆడు' అని మాత్రం అనకండి. వాడు మళ్లీ బడికి రాడు.

మరో పీరియడ్‌లో అరకు వైపు వెళ్లండి. అక్కడి గిరిజనుల ధింసా నాట్యంలో ఒకరి నడుము వెనుకగా మరొకరు చేతులు కలిపి వరుస కడతారు, మోరి, కిరిడి, తుడుము, డప్పు వాద్యాలు మోగుతుంటాయి. బెంచీలు పక్కకు జరిపి పిల్లలచేత ఆ వరుస కట్టించండి. పది అడుగులు వేసేసరికి, పక్కవాడి అడుగు తప్పితే తనూ తూలుతానని తెలిసిపోతుంది.

కూచిపూడిని ఆ తరువాతే అందుకోండి. అది చరిత్ర టీచరుకు దొరికిన పండుగ. కూచిపూడికి ఆద్యుడని చెప్పుకునే సిద్ధేంద్రయోగి పొంగే నదిలో చిక్కుకుని, ప్రాణం దక్కితే సన్యసిస్తానని మొక్కుకున్నాడన్నది కథ. కూచిపూడి భాగవతులు విజయనగరంలో రాజు ఎదుట ప్రదర్శన ఇచ్చి, సిద్ధవటం పాలకుడు గురవరాజు దౌర్జన్యాలను బయటపెట్టారని మాచుపల్లి కైఫియతు, అంటే ఆ ఊరి చరిత్ర రాసిపెట్టిన కాగితం, చెబుతుంది. ఆ సంఘటనకు 1502 అని సంవత్సరం చెబుతారు. కానీ ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మనుషులు కైఫియతులు సేకరించింది పంతొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో. మధ్య మూడు వందల ఏళ్లు! 'అయితే దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు?' అని అడిగి, మీరు కుర్చీలో కూర్చోండి. వాదన వాళ్లు నడుపుకుంటారు. (విజయనగరం అంటే హంపీ అని ముందే చెప్పండి. లేకపోతే మీ జిల్లా పిల్లలు తమ కోట అనుకుంటారు.)

ప్రశ్న: తొమ్మిదో తరగతిలో దేవదాసీల ప్రస్తావన వస్తే తల్లిదండ్రులు గొడవ చేస్తారని మా ప్రిన్సిపాల్ దాటవేయమంటున్నారు. మాది కాకినాడ.

జవాబు: కాకినాడలో ఉండి దాటవేస్తారా! గోదావరి జిల్లాల గుళ్లలో, జమీందారుల కొలువుల్లో, పెళ్లిళ్ల మేజువాణీల్లో ఆడి పాడిన కళావంతులు మీ చుట్టుపక్కల ఊళ్లవారే. మువ్వ క్షేత్రయ్య పదాలు ఇన్ని తరాలు నిలవడానికి వాళ్ల గొంతులూ కారణం. చట్టంతో మొదలుపెట్టండి. దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో పోరాడారు. 1947లో ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించారు. చిన్నపిల్లలను ఆ బతుకు నుంచి తప్పించడం న్యాయమే. అదే కాలంలో ఆ స్త్రీల నాట్యానికి గుడిలోనూ ఇంట్లోనూ చోటు పోయింది. వాళ్లను వెలివేసిన సమాజమే తన ఆడపిల్లలను నాట్యం క్లాసులకు పంపింది. ఈ రెండు సంగతులూ ఒకే పీరియడ్‌లో చెప్పండి. ఒకటి చెప్పి రెండోది వదిలితే అది పాఠం కాదు, ప్రచారం. ఆ స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వారి దగ్గరున్నది సేకరించి ఆంధ్రనాట్యంగా వేదికకు తెచ్చిన నటరాజ రామకృష్ణ పేరు కూడా చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లలు దీన్ని బాగానే అర్థం చేసుకుంటారు. ఇబ్బంది పడేది పెద్దలే. వాళ్లకు ముందుగా ఒక సమావేశం పెట్టి చెప్పేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా అబ్బాయి నాట్యం నేర్చుకుంటానంటే స్నేహితులు ఎగతాళి చేస్తున్నారు. మాది హనుమకొండ.

జవాబు: అమ్మా, కూచిపూడిలో ఒకప్పుడు ఆడేవారంతా మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ తిప్పుతుంటే చూడటానికి జనం విరగబడేవారు. ఇక మీకు రామప్ప గుడి దగ్గరే. 1213 నాటి ఆ శిల్పాలనూ, కాకతీయుల సేనాని జాయప రాసిన నాట్యశాస్త్ర గ్రంథం 'నృత్త రత్నావళి'నీ ఆధారం చేసుకునే నటరాజ రామకృష్ణ మగవాళ్లు ఆడే పేరిణి శివతాండవాన్ని తిరిగి నిలబెట్టారు. ఒక ఆదివారం బాబును అక్కడికి తీసుకెళ్లండి. ఎగతాళి చేసినవాళ్లనూ బస్సెక్కించండి. స్తంభాల మీద ఎన్ని మద్దెలలున్నాయో లెక్కపెట్టే పోటీ పెడితే అల్లరి చేయడానికి వాళ్లకు తీరిక ఉండదు.