బీటెక్ వద్దు, ఫిజిక్సే అంటోంది... దాచిన డబ్బు ఎలా సర్దాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారికి కిరాణా కొట్టు ఉంది. ఖర్చులన్నీ పోను నెలకు 15 వేల దాకా మిగులుతుంది. మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో 986 మార్కులు వచ్చాయి. తిరుపతి ఐసర్‌లో (సైన్స్ చదువులకు కేంద్రం నడిపే సంస్థ) అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ సీటు వచ్చింది. ఫిజిక్స్ తప్ప ఇంకేదీ చదవనంటోంది. హాస్టల్, మెస్, రానుపోను ఛార్జీలు అన్నీ కలిపి ఏడాదికి 2 లక్షలవుతుందని లెక్కేసుకున్నాం. 6 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెలలో మెచ్యూర్ అవుతుంది. అమ్మాయి పేరిట సుకన్య ఖాతాలో నాలుగున్నర లక్షలున్నాయి. నెలకు 12,500 కట్టే 5 లక్షల చీటీ ఇంకా 20 నెలలుంది. ఇప్పుడే పాడేస్తే 3.9 లక్షలు వస్తాయంటున్నారు. చీటీ పాడాలా, లోన్ తీసుకోవాలా, ఊళ్లో ఉన్న అరెకరం అమ్మాలా? బీటెక్ అయితే నాలుగేళ్లలో ఉద్యోగం వచ్చి తమ్ముడి ఫీజు తనే చూసుకునేది కదా అని మా వారి బాధ. బాబు ఇప్పుడు పదో తరగతి.

జవాబు: ముందు అమ్మాయికి అభినందనలు. నేనూ బీఎస్సీ ఎంపీసీ వాడినే. డార్క్‌రూమ్‌లో సోడియం ల్యాంప్ ముందు కూర్చుని, మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి న్యూటన్ రింగులు లెక్కపెడుతూ, పదో రింగో పదకొండో రింగో మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టిన బాపతు. కాబట్టి ఫిజిక్స్ మీద నాకు కాస్త పక్షపాతం ఉంది. అది తీసేసి లెక్కలు చూడండి.

చీటీ, లోను, పొలం గురించి అడిగారు. కానీ అసలు చిక్కు చివర్లో రాసిన మాటలో ఉంది. తమ్ముడి ఫీజు అక్క జీతంలోంచి వస్తుందని ఇంట్లో అందరూ ఒక లెక్కలో ఉండిపోయారు. అమ్మాయి ఫిజిక్స్ తీసుకుంటే మారేది ఆ లెక్క. ఖర్చు పెద్దగా మారదు. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుకే ఫీజు ఏడాదికి లక్ష దాటుతుంది, హాస్టల్ వేరే. అంటే నాలుగేళ్ల బీటెక్‌కైనా, అయిదేళ్ల ఐసర్‌కైనా ఇంచుమించు ఒకే మొత్తం. తేడా అంతా డబ్బు తిరిగి ఎప్పుడొస్తుందన్న దగ్గరే.

అమ్మాయికి 23 ఏళ్లకు ఈ చదువు పూర్తవుతుంది. ఫిజిక్స్ మీద ఇంత పట్టుదల ఉన్నవాళ్లు సాధారణంగా అక్కడితో ఆగరు, పీహెచ్‌డీకి వెళతారు. మరో అయిదారేళ్లు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, పీహెచ్‌డీకి ఇంట్లోంచి డబ్బు కట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు ఇస్తారు. ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. పోటీ గట్టిగానే ఉంటుంది, అందరికీ రాదు. అమెరికాలో కూడా ఫిజిక్స్ పీహెచ్‌డీకి సీటిచ్చే యూనివర్సిటీలు ఎక్కువగా ఫీజు మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంట్‌గా నెల నెలా కొంత ఇస్తాయి. మనవాళ్లు అమెరికాలో ఎంఎస్‌కు 40, 50 లక్షలు అప్పు చేసి పంపుతారు చూడండి, ఆ బెంగ మీకు అక్కర్లేదు. ఇక ఈ బీఎస్-ఎంఎస్‌తో ఆపేసినా జూనియర్ లెక్చరర్ పోస్టులున్నాయి, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ఉంది, డేటా ఉద్యోగాలున్నాయి. అయితే ఫెలోషిప్ అంటే ఒక మనిషి హాస్టల్‌లో ఉండి బతకడానికి సరిపోయే డబ్బు. అందులోంచి ఇంకొకరి బీటెక్ ఫీజు తీయడం కుదరదు.

అందుకే లోన్ వద్దంటున్నాను. 8 లక్షలు 10 శాతం వడ్డీకి, పదేళ్ల వాయిదాల మీద తీసుకుంటే ఈఎంఐ నెలకు 10,500 దాటుతుంది. చదువుకునే అయిదేళ్లలో పేరుకున్న వడ్డీ కలిస్తే ఇంకా పైనే. చదువు అయిపోయిన ఏడాదికి కట్టడం మొదలవుతుంది. అంటే సరిగ్గా అమ్మాయి పీహెచ్‌డీలో చేరిన కొత్తలో, 37 వేలలోంచి! బ్యాంకు మేనేజర్ పీఎం విద్యాలక్ష్మి గురించి చెబుతారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నమాట నిజమే. కానీ వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లకు ఆ రాయితీ రాదు. మీరు స్కాలర్‌షిప్ వైపే చూడాలి.

అది ఇన్‌స్పైర్. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖది. ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉండి బేసిక్ సైన్సెస్‌లో చేరినవాళ్లకు ఏడాదికి 80 వేలు. అందులో 60 వేలు చేతికి, 20 వేలు వేసవి ప్రాజెక్టుకు. అయిదేళ్ల వరకు ఇస్తారు, మార్కులు తగ్గకుండా చూసుకోవాలి. 986 అంటే ఆశ పెట్టుకోదగ్గ మార్కులే, కటాఫ్ చూసుకుని అప్లై చేయించండి. ఒక్కటే జాగ్రత్త: ఆ డబ్బు జీతంలా ఒకటో తారీఖున పడదు. వచ్చినప్పుడు పక్కన పెట్టుకోవాలి తప్ప దాన్ని నమ్ముకుని సెమిస్టర్ ఫీజు ఆపుకోకూడదు.

ఇప్పుడు మీ దగ్గరున్న డబ్బు. 6 లక్షల ఎఫ్‌డీని మళ్లీ ఒకే ముద్దగా వేయకండి. 2 లక్షలు సేవింగ్స్‌లో ఉంచండి, అది మొదటి ఏడాదికి. 2 లక్షలు ఏడాది ఎఫ్‌డీ, మిగతా 2 లక్షలు రెండేళ్ల ఎఫ్‌డీ. పెరిగే మెస్ బిల్లులకు ఆ వడ్డీ సరిపోతుంది. మూడేళ్లు గడిచాయి.

సుకన్యను అప్పటిదాకా ముట్టుకోవద్దు. 8.2 శాతం వడ్డీ, దాని మీద పన్ను లేదు. ఏ ఎఫ్‌డీ ఇస్తుంది చెప్పండి? పదో తరగతి పాసైన ఆడపిల్ల చదువు కోసం, గత ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. ఏడాదికోసారి చొప్పున వాయిదాల్లో కూడా ఇస్తారు. ఫీజు రసీదు చూపించాలి. వడ్డీ ఇలాగే ఉండి, మీరు నెలకో 1500 వేస్తూ ఉంటే మూడేళ్ల తర్వాత అందులో సగం 3 లక్షల దగ్గర ఉంటుంది. నాలుగు, అయిదో ఏళ్లకు అది, దానితో ఇన్‌స్పైర్ డబ్బు. ఏదైనా తగ్గితే మీ నెలసరి మిగులు ఉండనే ఉంది.

చీటీ పాడకండి. చేతులారా 1.1 లక్షలు వదులుకోవడమే అది, అమ్మాయికి అర ఏడాది ఖర్చు కంటే ఎక్కువే. 20 నెలలు కట్టి చివరిదాకా ఉంచండి. చేతికొచ్చే మొత్తం అచ్చంగా బాబుది అని ఇప్పుడే అనుకోండి. వాడు ఇంటర్ పూర్తి చేసేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. చీటీ అయిపోయాక మిగిలే 12,500 కూడా వాడి పేరిటే ఆర్‌డీ వేస్తే ఏడాదికి లక్షన్నర. అక్క జీతం కోసం ఎదురుచూడాల్సిన అవసరమే రాదు. అరెకరం జోలికి అసలు పోవద్దు.

మీరు రాయనిది ఒకటుంది. సంపాదించేది మీవారు ఒక్కరే. ఆయన పేరిట టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉందా? లేకపోతే 50 లక్షలకు తగ్గకుండా ఈ నెలే తీసుకోండి. పైన రాసిన లెక్కంతా కొట్టు రోజూ తెరుచుకుంటుందన్న నమ్మకం మీద వేసిందే.

అయిదో ఏట విదేశీ పీహెచ్‌డీలకు అప్లై చేస్తానంటే ఒక్కో దరఖాస్తుకు 75 నుంచి 100 డాలర్ల దాకా అవుతుంది. పరీక్షలు, వీసా, టికెట్ కలుపుకుంటే రెండు మూడు లక్షలు అనుకోండి. ఇన్‌స్పైర్‌లో మిగిలింది దానికి ఉంచండి. ల్యాప్‌టాప్ మాత్రం ఇక్కడే తొందరపడి లక్ష పెట్టి కొనకండి. చేరాక సీనియర్లను అడిగి, ఏది చాలునో తనే చెబుతుంది.