అడవిలో వైర్‌లెస్ సెట్ల పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది మార్కాపురం. మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా పూర్తి చేశాడు. నల్లమలలో ఫారెస్టు వాళ్ల వైర్‌లెస్ సెట్లు, రిపీటర్లు చూసుకునే కాంట్రాక్టు సంస్థలో పని దొరికింది. సెల్‌ఫోన్ల కాలంలో వాకీటాకీలు ఎందుకని బంధువులు అంటున్నారు. పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఆ మాట అన్నవాళ్లను దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఒకసారి ఫోన్ చూసుకోమనండి. రోడ్డు మీదే సిగ్నల్ అలా వస్తూ పోతూ ఉంటే, లోపల బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్ల సంగతేమిటి? వాళ్లలో చెంచులు చాలామంది. పాము కరిచినా, ఎలుగుబంటి మీద పడినా, వేసవిలో మంట లేచినా చాలాచోట్ల కబురు పంపేది ఆ సెట్టుతోనే. కాబట్టి పనికి ఢోకా లేదు.

మీరు చూడాల్సింది అబ్బాయి అక్కడ ఏం నేర్చుకుంటాడన్నది. బ్యాటరీలు మార్చడం, చానళ్లు లోడ్ చేయడం దగ్గరే ఆగితే ఎదుగుదల ఉండదు. అసలు విద్య సిగ్నల్ ఎక్కడిదాకా పోతుందో పట్టుకోవడం. లోయలో ఉన్న ఐదు వాట్ల చేతిసెట్టు మాట కొండ అవతలికి చేరదు, అందుకే ఆ మాటను అందుకుని మళ్లీ బలంగా పంపే రిపీటర్‌ను కొండమీద పెడతారు. దాని సోలార్ ప్యానెల్, బ్యాటరీ, పిడుగులకు ఎర్తింగ్ అన్నీ చూసుకోవాలి.

డిజిటల్ సెట్లతో ఇంకో చిక్కుంది. డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌పైనే రెండు సంభాషణలు నడుస్తాయి. మోడల్‌ను బట్టి జీపీఎస్, ఎమర్జెన్సీ బటన్, మనిషి పడిపోతే దానంతటదే వెళ్లే అలారం కూడా ఉంటాయి. బాగానే ఉంది. కానీ పాత అనలాగ్ సెట్టులో సిగ్నల్ తగ్గేకొద్దీ గరగర పెరిగి ముందే తెలిసేది. డిజిటల్‌లో మాట శుభ్రంగా వినిపిస్తూనే ఉన్నట్టుండి తెగిపోతుంది. ఏ వాగు దగ్గర తెగుతోందో నడిచి, మ్యాపులో గుర్తుపెట్టే కుర్రాడికే గిరాకీ. రాత్రి రెండింటికి ఎవరైనా ఆ ఎమర్జెన్సీ బటన్ నొక్కితే అవతల వినేవాళ్లు ఉన్నారా అన్నది కూడా అతనే అడగాలి. చాలామంది అడగరు.

చేరేముందు మీరు అడగాల్సినవీ ఉన్నాయి. కొండమీదికి ఒంటరిగా పంపుతారా, ఇద్దరినా? టవర్ ఎక్కడానికి శిక్షణ, సేఫ్టీ బెల్టు ఇస్తారా? ఇన్సూరెన్స్, పీఎఫ్ సంగతి రాతలో ఇస్తారా? బెల్టు దగ్గర నసిగితే జీతం ఎంతైనా వద్దనండి.

ఈలోగా హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కోసం సొంతంగా వైర్‌లెస్ నడిపేందుకు లైసెన్సిచ్చే పరీక్ష రాయించండి. అందులో మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేతభాష) అక్కర్లేదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లను అడిగితే దారి చెబుతారు. ఆ లైసెన్సు అభిరుచికి మాత్రమే, కంపెనీ పనికి చెల్లదు. అయినా యాంటెన్నాలు చేత్తో చేసి చూసే అలవాటు దాంతోనే వస్తుంది. బీఎస్‌ఎఫ్‌లో రేడియో ఆపరేటర్ నోటిఫికేషన్లపైనా కన్నేసి ఉంచండి. ఇక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే ఆలోచనను మాత్రం మరీ వాయిదా వేయనివ్వకండి. జీతం చేతికొచ్చాక పుస్తకం పట్టడం కష్టమవుతుంది.