గ్రూపులో మాటా మాటా పెరిగితే

అమ్మాయ్,

నీ మెసేజ్ చదివాను. మీ కథల గ్రూపులో ఓ కథని విమర్శిస్తూ ఒకాయన రెండు వాక్యాలు పెడితే ఆ కథ రాసినావిడ పేజీన్నర జవాబివ్వడం, ఇద్దరి తరఫునా జనం చేరడం, ఇప్పుడు అడ్మిన్‌వి కదా తీర్పు చెప్పమని అందరూ నీ మీద పడటం... ముందు ఆ తీర్పు చెప్పే పని పెట్టుకోకు. ఎవరిది రైటో తేల్చావే అనుకో, ఓడినవాళ్ళు మళ్ళీ అక్కడ కథ పెట్టరు, చూస్తూ కూర్చున్న మిగతావాళ్ళు కూడా మనకెందుకొచ్చిందిలే అని సర్దుకుంటారు. సగమే కుదిరిన కథనైనా రేపు ఎవరో ఒకరు జంకకుండా పెట్టగలగాలి, నువ్వు చూసుకోవాల్సింది అదొక్కటే.

ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చెయ్యి. టైప్ చేసి కాదు, మాట్లాడు. రాతలో గొంతు వినపడదు, వినపడుతుందని రాసేవాళ్ళు అనుకుంటారంతే. జస్టిన్ క్రూగర్, నికలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు వాళ్ళవాళ్ళతో కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, తాము వెటకారంగా అన్నదీ మామూలుగా అన్నదీ ఈమెయిల్ చదివినవాళ్ళు నూటికి 78 సార్లు పట్టేస్తారని రాసినవాళ్ళు అంచనా వేశారు. నిజంగా పట్టుకున్నది 56. బొమ్మా బొరుసా వేసి చెప్పినా దాదాపు అంతే వస్తుంది కదా! అసలు టైప్ చేసే స్మైలీ :-) పుట్టిందే ఇలాంటి తికమకలోంచి. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ చర్చాబోర్డులో, లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో జోకేస్తే కొందరు నిజమనుకున్నారు, దాంతో జోకులకి ఓ గుర్తు పెడదామని అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ దాన్ని సూచించాడు. (పొడిచే మాట రాసి చివర స్మైలీ పెడితే మాత్రం ఇంకా మండుతుంది, అది వేరే సంగతి.)

ఫోన్‌లో "వాళ్ళ ఉద్దేశం అది కాదులే" అనకు. ఏ మాట బాధపెట్టిందో అడిగి విను. చాలాసార్లు ఆ విమర్శ కాదు, దాని కింద నలుగురు లైకులు కొట్టడం గుచ్చుకుని ఉంటుంది. ఇక్కడ విన్నది అక్కడికి చేరవెయ్యకు.

ఈలోగా గ్రూపులో ఒక్క మెసేజ్ చాలు: "ఈ కథ మీద చర్చ రేపు సాయంత్రం దాకా ఆపుదాం." పేర్లొద్దు, క్లాసు పీకడాలొద్దు. "దయచేసి అందరూ మర్యాదగా ఉండండి" అని మాత్రం చచ్చినా పెట్టకు, మాటలన్నవాళ్ళు అది అవతలివాళ్ళకనుకుంటారు, ఏమీ అననివాళ్ళు నొచ్చుకుంటారు. పాత మెసేజ్‌లు డిలీట్ చెయ్యకు, చూడనివాళ్ళు లేనిది కూడా ఊహించుకుంటారు, పైగా స్క్రీన్‌షాట్లు ఎలాగూ తిరుగుతుంటాయి. ఎవరి శరీరాన్నో, పుట్టుకనో, ఇంట్లోవాళ్ళనో లాగితే మాత్రం వెంటనే తీసెయ్, ఎందుకు తీశావో ఆ మనిషికే చెప్పు, దాని మీద చర్చ వద్దు.

కాస్త చల్లబడ్డాక విమర్శకి ఓ పద్ధతి పెట్టుకోండి. డాన్స్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో ఒకటి తయారుచేసింది, కథలకీ బాగానే సరిపోతుంది. మొదట చదివినవాళ్ళు తమకి ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత రాసినవాళ్ళే తమ సందేహాలు అడుగుతారు, "ముగింపు తొందరపడినట్టుందా?" అని. ఆపైన చదివినవాళ్ళ ప్రశ్నలు, కానీ వాటిలో అభిప్రాయం దాక్కుని ఉండకూడదు. "ఇంత సాగదీశారేంటి?" అనేది ప్రశ్న కాదు, "ఈ భాగంలో మాకేం తెలియాలనుకున్నారు?" అనేది ప్రశ్న. అభిప్రాయం ఆఖరున, అదీ అడిగి: "ముగింపు గురించి నాకొకటి అనిపించింది, చెప్పమంటారా?" వద్దంటే ఊరుకోవాలి, నిజంగా ఊరుకోవాలి. మొదట్లో నాటకంలా ఉందని కొందరు నవ్వుతారు, నవ్వనీ.

ఇద్దరిలో ఒకరు నీ స్నేహితులైతే ఈ పని ఇంకెవరికైనా అప్పగించు. ఎవరైనా గ్రూపు వదిలి వెళ్ళిపోతే అందరి ముందూ బతిమాలకు, కొన్నాళ్ళాగి విడిగా పలకరించు. ఒకే మనిషి మనుషుల్ని మార్చి మార్చి ఇదే గొడవ పెట్టుకుంటుంటే మాత్రం అది అభిప్రాయభేదం కాదు, అలవాటు. అలాంటి మనిషిని మొహమాటం లేకుండా, కారణం చెప్పి పంపించెయ్.

ఈ రాత్రికి ముందు కథ రాసినావిడకి ఫోన్ చెయ్యి. ఆయన రేపటిదాకా ఆగగలడు.

పెదనాన్న