బుధుడు సూర్యుడి మీదుగా దాటడం గ్రహణం కళ్లద్దాలతో కనిపిస్తుందా?

కనిపించదు, ముందువైపు సూర్యుణ్ని చూడటానికి చేసిన ఫిల్టర్ బిగించిన టెలిస్కోపు ఉండాల్సిందే. కళ్లద్దాలు కంటిని కాపాడతాయి తప్ప దేన్నీ పెద్దది చేసి చూపించవు, బుధుడి చుక్కేమో సూర్యబింబం వెడల్పులో 150వ వంతు కూడా ఉండదు. శుక్రుడైతే వేరు, దాదాపు 30వ వంతు ఉంటాడు కాబట్టి కళ్లద్దాలతోనే చిన్న నల్ల చుక్కలా తెలుస్తాడు, కానీ ఆ అవకాశం మళ్లీ 2117లోనే.

బుధుడు అలా దాటే 2032 నవంబర్ 13నే తీసుకోండి. విశాఖలో మధ్యాహ్నం 12 దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముగుస్తుంది, అంటే పొద్దుగూకేలోపే మొత్తం చూడొచ్చు (ఆర్కే బీచ్‌కి వెళ్తే మాత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి, సూర్యుడు అప్పటికి పడమటికి వాలుతుంటాడు). ఫోటో కావాలంటే ఫిల్టర్ ఉన్న టెలిస్కోపు కంటిభాగం దగ్గర ఫోన్ ఆనించి, వెలుతురు తగ్గించి తీయండి. గంటకోసారి తీస్తే చుక్క జరిగినట్టు తెలుస్తుంది, సూర్యుడి మీది మచ్చలు అంత త్వరగా కదలవు.

చాలామంది పొరబడేది ఒకటుంది: గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూస్తే చాలనుకుంటారు. అస్సలు వద్దు! లెన్సులు ఎండనంతా ఒకచోటికి పోగేసి ఆ పల్చటి పొరని క్షణాల్లో కాల్చేయగలవు, ఆ తర్వాత కన్నే. ఫిల్టర్ ఎప్పుడూ సూర్యుడి వైపున్న లెన్సు ముందే ఉండాలి.